ఏ మెసేజూ పోకుండా, రెండుసార్లు నమోదు కాకుండా అందుకోవడం ఎలా?

మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో ధాన్యం లారీ కాంటా ఎక్కగానే తూకం చదివే ప్రోగ్రామ్ ఒక మెసేజ్ పంపుతుంది, బిల్లింగ్ ప్రోగ్రామ్ దానిని అందుకుని బిల్లు రాస్తుంది. ఈ రెండింటి నడుమ ర్యాబిట్‌ఎమ్‌క్యూ పెట్టాలి; ఇది మెసేజ్‌లను క్యూలో, అంటే వరుసలో, ఉంచి అందుకునే ప్రోగ్రామ్‌కు ఇచ్చే సర్వర్. డేటాబేస్ టేబుల్‌ను రెండేసి సెకన్లకు తిరగేసే పద్ధతి చాలామందికి అలవాటే కానీ, కొత్త లారీ ఏదీ రాకున్నా డేటాబేస్‌ను రోజంతా అడుగుతూనే ఉండే ఆ తీరు సరైనది కాదు.

సర్వర్‌ను ఇన్‌స్టాల్ చేసి 5672 పోర్టుకు కనెక్ట్ అవ్వండి. సర్వర్ ఆగి మళ్లీ మొదలైనా పోకుండా క్యూను డ్యూరబుల్‌గా, మెసేజ్‌ను పర్సిస్టెంట్‌గా పెట్టండి. ప్రీఫెచ్, అంటే పని అయిందని చెప్పకముందే ఒకేసారి చేతికిచ్చే మెసేజ్‌ల సంఖ్య, 10 దాటకూడదు.

అసలు జాగ్రత్తంతా ఎక్‌నాలెడ్జ్‌మెంట్ (మెసేజ్ పని అయిపోయిందని క్యూకు చెప్పే జవాబు, పొట్టిగా ఎక్) దగ్గరే కావాలి. దానిని ఆటోమేటిక్‌గా వదిలేస్తే, మెసేజ్‌ను పంపిన క్షణమే పని అయిపోయినట్టు లెక్కగట్టి క్యూ దానిని తుడిచేస్తుంది. బిల్లు రాసేలోపు ప్రోగ్రామ్ ఆగిపోతే ఆ తూకం క్యూలోనూ ఉండదు, డేటాబేస్‌లోనూ ఉండదు. ఒక మిల్లులో ఇలాగే జరిగి, కాంటా చిట్టీ చేతిలో పట్టుకున్న రైతుకు ఆ లారీయే రాలేదని చెప్పడం నేను కళ్లారా చూశాను. కాబట్టి డేటాబేస్‌లో కమిట్ (రాసినది ఖాయం కావడం) పూర్తయిన తరువాతే, మీ కోడ్ నుంచే ఎక్ పంపాలి.

అయితే కమిట్‌కూ ఎక్‌కూ మధ్య ప్రోగ్రామ్ పడిపోతే అదే మెసేజ్ మళ్లీ వస్తుంది, ఒకే లారీకి రెండు బిల్లులు పడతాయి. రీడెలివర్డ్ అనే గుర్తును చూసి వదిలేద్దామనుకోవద్దు; అది మెసేజ్‌ను ఇంతకుముందు ఒకసారి ఇచ్చామని చెబుతుందే తప్ప పని పూర్తయిందో లేదో చెప్పదు. తూకం వేసినప్పుడే పంపే ప్రోగ్రామ్ ఒక నంబరు కేటాయించి, తిరిగి పంపవలసి వచ్చినా అదే నంబరు వాడాలి. అందుకునే ప్రోగ్రామ్ ఆ నంబరును, ఒకే విలువను రెండోసారి చేరనివ్వని యూనిక్ నిబంధన ఉన్న టేబుల్‌లో, బిల్లుతో పాటు ఒకే ట్రాన్సాక్షన్‌లో (రాస్తే రెండూ పడాలి, లేకుంటే ఏదీ పడకూడదు) రాయాలి. నంబరు అప్పటికే ఉంటే బిల్లు రాయకుండా ఎక్ మాత్రం పంపాలి. నంబరును, బిల్లును వేర్వేరు ట్రాన్సాక్షన్లలో రాస్తే ఈ శ్రమంతా వృథా.

బరువు అంకె లేని మెసేజ్ వంటివి ఎన్నిసార్లు ప్రయత్నించినా విఫలమవుతాయి. వాటిని తిరిగి అదే క్యూలోకి నెడితే అంతులేకుండా తిరుగుతూనే ఉంటాయి కనుక, రీక్యూ లేకుండా తిరస్కరించి, విఫలమైన మెసేజ్‌లను విడిగా ఉంచే డెడ్ లెటర్ క్యూకు మళ్లించి, రోజూ సాయంత్రం ఒకరు చూసేలా ఏర్పాటు చేయండి.

మిల్లుకు అప్పగించేముందు కమిట్ తరువాత, ఎక్‌కు ముందు కోడ్‌ను కొన్ని సెకన్లు ఆపి, ప్రాసెస్‌ను కిల్ చేసి మళ్లీ నడపండి. టేబుల్‌లో ఆ లారీకి ఒకే బిల్లు ఉండాలి, క్యూ ఖాళీగా ఉండాలి.