హనుమంతవాక కూడలి నిజంగా ప్రమాదకరమా? ప్రమాద కారకాలను లెక్కగట్టే పద్ధతి

విశాఖపట్నం మీదుగా వెళ్లే 16వ నంబరు జాతీయ రహదారిపై హనుమంతవాకలో ఎక్కువ ప్రమాదాలు, భీమిలి బీచ్ రోడ్డులో తక్కువ ప్రమాదాలు నమోదైనంత మాత్రాన మొదటిది ఎక్కువ ప్రమాదకరమని తేల్చకూడదు. ఒక్కో చోటును రోజుకు ఎన్ని వాహనాలు దాటుతున్నాయో తెలిసిన తరువాతే పోలికకు అర్థం ఉంటుంది. కేంద్ర రవాణా శాఖ నిర్వచనం ప్రకారం, సుమారు 500 మీటర్ల నిడివిలో మూడేళ్లలో మరణాలకో తీవ్ర గాయాలకో దారితీసిన 5 ప్రమాదాలు గానీ, 10 మరణాలు గానీ సంభవిస్తే అది బ్లాక్ స్పాట్. ఇందులో రాకపోకల ఊసే లేదు. మరమ్మతు ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పడానికి ఇది చాలు, కారణం వెతకడానికి చాలదు.

ముందుగా ప్రమాదానికి ఒక వరుస చొప్పున పట్టిక తయారు చేసుకోవాలి. పాత ఎఫ్‌ఐఆర్‌లో 'హనుమంతవాక దగ్గర' అని ఉంటే అది కూడలి మధ్యలోనో, సర్వీసు రోడ్డు మలుపులోనో తెలియదు. వేళల గడిలో వరుసగా 9.00, 10.00 అని పూర్తి గంటలే కనిపిస్తే అవి అంచనాలని గుర్తించి, గంటల వారీగా కాక రాత్రి, పగలు అని విడదీయడమే మేలు.

కూడలికి ఏటా ఎన్ని ప్రమాదాలన్నది ప్రశ్న అయితే పాయిసన్ రిగ్రెషన్‌తో, అంటే ఘటనల లెక్కలను వాటి కారకాలతో ముడిపెట్టే గణాంక నమూనాతో, మొదలుపెట్టవచ్చు. అయితే ఆ నమూనా సగటు, విస్తృతి (వేరియన్స్, అంటే అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే కొలత) సమానమని భావిస్తుంది. సగటు 4, విస్తృతి 14 వచ్చే కూడళ్లకు అది కుదరదు కనుక విస్తృతి సగటును మించడానికి వీలిచ్చే నెగెటివ్ బైనామియల్ నమూనాకు మారాలి. వాహనాల సంఖ్య రెట్టింపైతే ప్రమాదాలూ రెట్టింపవుతాయన్న హామీ లేదు కాబట్టి, రాకపోకల లాగరిథమ్‌ను, దాని గుణకాన్ని ముందే 1 అని బిగించకుండా, డేటా నుంచి గుణకం అంచనా వేసే చరరాశిగానే ఉంచాలని నా అభిప్రాయం.

ప్రమాదం జరిగాక ప్రాణం పోవడానికి కారణమేమిటన్నది ప్రశ్న అయితే అవును-కాదు ఫలితాలకు వాడే లాజిస్టిక్ రిగ్రెషన్ తగినది. ఊహించిన అంకెలతో చూద్దాం: మరణించిన 40 మంది ద్విచక్ర వాహనదారుల్లో 30 మందికి, బతికిన 200 మందిలో 80 మందికి హెల్మెట్ లేదు. హెల్మెట్ లేనివారి సంఖ్యను ఉన్నవారి సంఖ్యతో భాగిద్దాం: మొదటి వర్గంలో 30ని 10తో భాగిస్తే 3, రెండో వర్గంలో 80ని 120తో భాగిస్తే 0.67. వీటి నిష్పత్తి, అంటే ఆడ్స్ రేషియో, 4.5. దీన్నే తుది జవాబుగా భావించకూడదు. హెల్మెట్ లేనివారిలో మద్యం తాగినవారు, వేగంగా నడిపినవారు ఎక్కువై ఉండవచ్చు కాబట్టి వాటినీ నమూనాలో చేర్చాలి. ఇంకో చిక్కు ఉంది. హెల్మెట్ పెట్టుకుని పడిపోయి, బట్టలు దులుపుకుని లేచి వెళ్లిపోయినవాడు పోలీసు రికార్డుల్లోకి రాడు. అందువల్ల హెల్మెట్ మేలు అసలు కన్నా తక్కువగా కనిపిస్తుంది. ఆసుపత్రి క్యాజువాలిటీ రిజిస్టరుతో సరిచూస్తే ఈ లోటు కొంత తగ్గుతుంది, పూర్తిగా తీరదు.

సెల్‌ఫోన్ వంటి క్షణకాలపు కారకానికి మనిషిని అతనితోనే పోల్చాలి. 1997లో పరిశోధకులు రెడెల్‌మైయర్, టిబ్షిరానీ ప్రమాదానికి గురైన టొరంటో ప్రాంతపు 699 మంది డ్రైవర్ల ఫోను బిల్లులలో, ప్రమాదానికి ముందటి నిమిషాలను మునుపటి రోజుల అదే వేళతో పోల్చి, ఫోను వాడుతున్నప్పుడు ప్రమాద అవకాశం సుమారు నాలుగు రెట్లని తేల్చారు. వయసు, అలవాట్లు మారవు కాబట్టి వాటి ప్రభావం దానంతటదే తొలగిపోతుంది.

చివరగా, ఒక ఏడు ప్రమాదాలు బాగా పెరిగిన కూడలిని ఎంచుకుని స్పీడ్ బ్రేకర్ వేస్తే, మరుసటి ఏడు ఏమీ చేయకపోయినా సంఖ్య సగటు వైపు దిగివచ్చేది. ఆ తగ్గుదల అంతా స్పీడ్ బ్రేకర్ ఖాతాలో రాయకుండా, మద్దిలపాలెం వంటి పోల్చదగిన కూడళ్లను పక్కన పెట్టుకోవాలి, లేదా నమోదైన సంఖ్యను నమూనా అంచనాతో కలిపే ఎంపిరికల్ బేయిస్ పద్ధతిని వాడాలి.