చితికిన కుండను పుదీనా పువ్వుతో గుంతలోంచి పైకి తీయడం ఎలా?

ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లో జనం రాక్షస గుళ్లు అని పిలిచే రాతి వలయాల కింద, పాత సమాధుల్లో నలుపు, ఎరుపు రంగుల కుండలు దొరుకుతాయి. మట్టి తొలగించగానే కుండ నిండుగానే కనిపిస్తుంది. చెయ్యి తగిలితే చాలు, పెంకులు రాలిపోతాయి. అప్పుడు కంగారుపడి చెక్కపని జిగురును నీళ్లలో కలిపి పోసేవాళ్లను చాలాసార్లు చూశాను. దయచేసి ఆ పని చేయకండి. జిగురు పెంకుల రంధ్రాల్లోకి దిగి మట్టితో సహా బిగుసుకుపోతుంది. ఆ కుండలో ఏం వండారో పరీక్షించే అవకాశం కూడా దెబ్బతింటుంది. మనకు కావాల్సింది ల్యాబ్‌కు చేరేదాకా ఆసరా మాత్రమే.

ఆ ఆసరా పుదీనా పువ్వు, అంటే మెంథాల్ ఇస్తుంది. కరిగించి పూస్తే గట్టిపడుతుంది, తర్వాత డబ్బాలో హారతి కర్పూరం తరిగిపోయినట్టు గాలిలో కలిసిపోతుంది. అలాగని అందులో కర్పూరం కలపకండి. అమృతధార చేసినవాళ్లకు తెలుసు, రెండూ కలిస్తే నీళ్లవుతాయి.

ఇది లైసెన్సు ఉన్న తవ్వకాల్లో, శిక్షణ పొందినవాళ్లు చేసే పని. పొలం దున్నుతుంటే కుండ బయటపడితే మట్టి కప్పేసి తహసీల్దారుకు చెప్పండి.

సామాను: ల్యాబ్ గ్రేడ్ ఎల్-మెంథాల్, గాజుగుడ్డ, మెత్తటి వెంట్రుకల బ్రష్, వేడినీళ్ల గిన్నెలో పట్టే స్టీలు గ్లాసు, అల్యూమినియం ఫాయిల్, ప్లాస్టర్ ఆఫ్ పారిస్, పలచటి రేకు, ప్లైవుడ్ ముక్క, మాస్కు, కళ్లద్దాలు. స్ప్రే వద్దు, బ్రష్షే వాడాలి.

ముందు ఫొటోలు, కొలతలు, పరీక్షలకు కావాల్సిన నమూనాలు తీసుకోండి. వెదురు పుల్లతో కుండ చుట్టూ మట్టి తీసి, కుండను కదపకుండా కింద మిగిలిన మట్టి దిమ్మ మీదే నిలవనివ్వండి. లోపలి మట్టిని మాత్రం కదపకండి. 2024లో సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో ఒక మట్టికుండలో 3,730 సీసపు నాణేలు బయటపడ్డాయి. మీ కుండలో ఏముందో ల్యాబ్‌లోనే తేలాలి.

ఇక మొదటి పూత. పని చెడేది ఇక్కడే.

మెంథాల్ సుమారు 42 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మన దగ్గర మే నెల ఎండకు పూసిందంతా దానంతటదే కరిగి కారిపోతుంది. అందుకే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకానే, అదీ పొద్దున్నే, టార్పాలిన్ నీడలోనే చేయాలి. ఎండాకాలంలో తప్పదంటే మెంథాల్‌లాగే గాలిలో కలిసిపోయే, సుమారు 60 డిగ్రీల దాకా కరగని సైక్లోడోడెకేన్ ఉంది గానీ, అది తేలిగ్గా దొరకదు.

చలి ఎక్కువైనా చిక్కే. చల్లటి, తడి పెంకు మీద మెంథాల్ పడీపడగానే పైన పొరలా గడ్డకడుతుంది, లోపలికి దిగదు. చూడటానికి గట్టిగా ఉంటుంది, ఎత్తగానే పొర ఒక్కటే చేతికొస్తుంది. కాబట్టి కుండను నీడలో నిదానంగా ఆరనివ్వండి. నల్లరేగడిలో అయితే మరీ ఎండనివ్వకండి, మట్టి బీటలిస్తూ పెంకుల్ని కూడా లాగేస్తుంది.

పూసేముందు పక్కనున్న మట్టిబెడ్డ మీద ఒక చుక్క వేసి చూడండి. వెంటనే తెల్లబడితే నేల చల్లగా ఉందని అర్థం, కాసేపు లేత ఎండ తగలనివ్వండి. తడిగా మెరుస్తూనే ఉంటే వేడెక్కువ, ఆ పూటకు ఆపేయండి. నాలుగైదు సెకన్లలో ఇంకి, ఆ తర్వాత తెల్లబడితే మొదలుపెట్టండి.

గ్లాసును వేడినీళ్ల గిన్నెలోనే ఉంచండి, మంట మీద నేరుగా పెట్టొద్దు, ఆవిరి అంటుకుంటుంది. లోతు గుంతలో ఆవిరి నిలిచి కళ్లు మండుతాయి, గాలి ఆడేలా చూసుకోండి. బ్రష్‌ను రుద్దకండి, తాకించి వదలండి. మొదటి పూత పలచగా, కింది నుంచి పైకి వేయాలి. అది తెల్లబడ్డాకే గాజుగుడ్డ పరిచి, దాని మీద మరో రెండు పూతలు.

మిగతాది తేలిక. ఫాయిల్ చుట్టి ప్లాస్టర్ వేయండి. అది గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది, అందుకే పలచటి పొరలుగా, ఒకటి చల్లారాక ఇంకొకటి వేయండి. దిమ్మ కింద రేకు దూర్చి ప్లైవుడ్ మీదికి జరపండి, ఇద్దరు పట్టుకుని ఎత్తండి.

ల్యాబ్‌లో కుండను ఇసుక ట్రేలో కూర్చోబెట్టాకే ప్లాస్టర్, ఫాయిల్ విప్పండి. పూత మందాన్ని బట్టి మెంథాల్ పోవడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. అది పోయాక కుండ మళ్లీ గుంతలో ఉన్నంత బలహీనంగానే ఉంటుంది, అందుకే ఆ ఇసుక ఆసరాను వాసన పోకముందే సిద్ధం చేసి పెట్టుకోవాలి.