తేనెమైనం: ఇంటి పనులకు, వీణ మెట్లకు

తేనె పిండిన తరువాత మిగిలే పట్టును చాలామంది పారవేస్తారు. ఇంట్లో ఏళ్ల తరబడి అక్కరకు వచ్చే సరుకు అందులోనే ఉన్నది. పట్టును ముక్కలు చేసి, పల్చని నూలుగుడ్డలో మూటకట్టి, నీళ్లు పోసిన పాత గిన్నెలో సన్నని సెగ మీద ఉంచితే మైనం కరిగి గుడ్డలోంచి పైకి తేలుతుంది, చెత్తంతా మూటలోనే ఉండిపోతుంది. గిన్నెను రాత్రంతా కదపకుండా వదిలితే తెల్లవారేసరికి నీటిపైన పసుపుపచ్చని మైనపు బిళ్ల గట్టిపడి ఉంటుంది. దాని అడుగున అంటుకున్న మడ్డిని చాకుతో గీకివేయాలి. ఈ గిన్నెను మళ్లీ వంటకు వాడే ఆశ పెట్టుకోవద్దు.

మైనం సుమారు 62 నుంచి 65 డిగ్రీల సెల్సియస్ వేడికే కరుగుతుంది కనుక, ఇకపై ఎప్పుడు కరిగించినా వేడినీళ్ల గిన్నెలో మరో గిన్నె పెట్టి కరిగించండి. నేరుగా మంట మీద పెడితే వేడి మితిమీరి అంటుకునే ప్రమాదం ఉన్నది. ఒకవేళ అంటుకుంటే నీళ్లు పోయకూడదు. పొయ్యి ఆర్పి, గిన్నెపై మూత బోర్లించాలి.

పగిలిన మడమలకు లేపనం చేయడానికి 20 గ్రాముల మైనం, 80 గ్రాముల కొబ్బరినూనె చాలు. రెండూ కలిసి కరిగాక చల్లని చెంచా మీద ఒక చుక్క వేసి, రెండు నిమిషాలు ఆగి వేలితో నొక్కి చూడండి: జారిపోతుంటే చిటికెడు మైనం, గట్టిగా ఉంటే చెంచాడు నూనె కలపాలి. మన ఎండాకాలంలో కొబ్బరినూనె నీరుగా మారుతుంది కాబట్టి అప్పుడు మైనం 25 గ్రాములు వేయడమే మేలు. రాత్రి కాళ్లు కడిగి, తుడుచుకొని రాసుకొని, మేజోళ్లు తొడుక్కోవాలి. నెత్తురు వచ్చే పగుళ్లకు మాత్రం వైద్యుడే దిక్కు.

కుట్టుదారాన్ని బిళ్ల మీద రెండుసార్లు లాగితే చిక్కు పడదు. బిగుసుకున్న చెక్క సొరుగు అంచులకు, టేకులో దిగని మరమేకుకు మైనం రుద్దితే పని సులువవుతుంది. కొడవలి, పార వంటివాటిని ఎండలో కాసేపు ఉంచి, వెచ్చగా ఉండగానే పల్చగా రుద్ది గుడ్డతో తుడిస్తే వానాకాలంలో తొందరగా తుప్పు పట్టవు.

వీణ ఉన్న ఇంటివారికి మరో మాట. వీణ 24 మెట్లు, అంటే స్వరం పలికించడానికి తీగను నొక్కే లోహపు పట్టీలు, నిలిచేది బొగ్గుపొడి కలిపిన నల్లని మైనపు కట్ట మీదనే. ఆ మైనం ఎండకు మెత్తబడితే మెట్టు వెంట్రుకవాసి కుంగినా స్వరం తప్పుతుంది, దానిమీద పలికే గమకమంతా, అంటే స్వరాన్ని ఊపి పలికించే సొగసంతా, చెడుతుంది. అందువల్ల వీణను కిటికీ ఎండలో గాని, తలుపులు మూసిన కారులో గాని ఉంచకండి. కదిలిన మెట్టును ఇంట్లో వేడిచేసి సరిదిద్దబోకండి. చెవితో వింటూ మెట్లు అమర్చే పనివారికే అప్పగించండి.

మిగిలిన బిళ్లను కాగితంలో చుట్టి చల్లనిచోట దాచండి. కొన్నాళ్లకు పైన తెల్లని పూత కనిపిస్తే బూజని భయపడి పారవేయవద్దు. అది మైనం సహజ గుణమే. గోరువెచ్చని గుడ్డతో రుద్దితే పోతుంది.