ఇల్లు మొదలుపెట్టే ముందు: డ్రాయింగులు చేతికి రాకుండా రేటు ఒప్పుకోకండి

పోయిన వానాకాలంలో విశాఖలో మధురవాడ వైపు కొండవాలు కాలనీ ఒకదానిలో, కట్టుబడి మొదలై నెల తిరగకుండానే, స్థలం వెనుక నిట్టనిలువుగా కోసిన ఎర్రమట్టి గట్టు రాత్రికి రాత్రి జారి పై ఇంటివారి ప్రహరీ గోడను కూడా లాక్కుని కిందికి వచ్చింది. ఎవరికీ దెబ్బలు తగలలేదు. రెండు రోజుల తరువాత ఆ యజమాని తన కాగితాలన్నీ సంచిలో వేసుకుని నా దగ్గరికి వచ్చారు. అందులో మున్సిపల్ అనుమతి ఉంది, రంగుల త్రీడీ ఎలివేషన్ బొమ్మ ఉంది, చదరపు అడుగుకు ఇంత అని స్టాంపు కాగితం మీద రాసుకున్న ఒప్పందం ఉంది, పది లక్షల అడ్వాన్సుకు రసీదు ఉంది. మట్టి పరీక్ష నివేదిక లేదు, పునాది డ్రాయింగు లేదు, ఆ గట్టును ఆపవలసిన రిటైనింగ్ గోడ మాట ఏ కాగితంలోనూ లేదు. ఇదేమిటని అడిగితే, "ప్లాన్ ఫ్రీగా వేసి ఇచ్చారండీ, అందుకే వేరే ఎవరినీ పెట్టుకోలేదు" అన్నారు.

2025 ఏప్రిల్ 30 వేకువన సింహాచలం చందనోత్సవంలో, అంతకు కొద్ది రోజుల ముందే కట్టిన గోడ వానలో కూలి భక్తులు ప్రాణాలు కోల్పోయిన సంగతి ఈ ఊరు మరిచిపోలేదు. కొండల మధ్య ఊరు కనుక ఇక్కడ గోడను తేలికగా తీసుకోవడానికి వీల్లేదు. దసరా వెళ్లాక కార్తీకంలో ముహూర్తాలు చూసుకుంటున్నవారు చాలామంది ఉన్నారు, అక్టోబరు, నవంబరు నెలలు మనకు తుఫానుల కాలం కూడా. అందువల్ల ఈ నాలుగు మాటలు ఇప్పుడే రాస్తున్నాను.

లింకు డాక్యుమెంట్లు, లేఅవుట్ అనుమతి, వాస్తు అందరూ చూసుకుంటారు కనుక వాటి జోలికి వెళ్లను. నేను చూసిన ఇళ్లలో యజమానులను నిజంగా ముంచిన తప్పు ఒక్కటే: డ్రాయింగులు పూర్తికాకముందే చదరపు అడుగు రేటు ఒప్పుకుని అడ్వాన్సు ఇవ్వడం. ఏమి కట్టాలో కాగితం మీద లేనప్పుడు ఆ రేటు దేనికి చెప్పినదో చెప్పినవారికీ తెలియదు, విన్నవారికీ తెలియదు. తేలేసరికి పునాది లేచి ఉంటుంది, డబ్బు అవతలి చేతిలో ఉంటుంది.

ఎవరి పని ఏది

ఆర్కిటెక్టు అని చెప్పుకోవడానికి 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదు ఉండాలి. ఆ నంబరు అడిగి కౌన్సిల్ వెబ్‌సైటులో సరిచూసుకోవడానికి ఐదు నిమిషాలు చాలు. స్ట్రక్చరల్ ఇంజినీరు వేరు. కాలమ్, బీమ్, స్లాబ్, ఫుటింగ్ (కాలమ్ కింది పునాది) లెక్కలు ఆయనవి. జీవీఎంసీకి, అంటే విశాఖ కార్పొరేషన్‌కు, ప్లాన్ ఆన్‌లైన్‌లో పెట్టి అనుమతి తెచ్చే ఎల్‌టీపీ (లైసెన్సు ఉన్న సాంకేతిక నిపుణుడు) పని ఇంకొకటి. ఒకే మనిషి రెండు పనులు చేసే సందర్భాలు ఉంటాయి కానీ, ఏ పనికి మనం డబ్బు ఇస్తున్నామో మనకు తెలిసి ఉండాలి. అనుమతి కోసం పెట్టిన ప్లాన్ మన సెట్‌బ్యాకులు (ఇంటి చుట్టూ వదలవలసిన ఖాళీ), ఎత్తు, విస్తీర్ణం నిబంధనలకు లోబడి ఉన్నాయని కార్పొరేషన్‌కు చూపించే కాగితం. ఫుటింగ్ ఎంత లోతుకు దిగాలో, కాలమ్‌లో ఏ సైజు రాడ్లు ఎన్ని పడాలో, స్విచ్ బోర్డు ఏ గోడకు రావాలో చూసుకుని మేస్త్రీ కట్టుకుపోవడానికి వేరే డ్రాయింగులు కావాలి. "ప్లాన్ ఫ్రీ" అన్నవారు ఇచ్చేది సాధారణంగా మొదటి కాగితం మాత్రమే. రెండోది లేకపోతే మేస్త్రీ అలవాటు ప్రకారం కడతాడు, అతని తప్పు కూడా కాదు.

మనిషిని ఎంచుకునేటప్పుడు ఫోన్లో చూపించే ఫొటోలను పక్కన పెట్టి, ఆయన డిజైన్ చేసిన ఇల్లు ఒకటి, కనీసం ఐదేళ్లు గడిచినది, సముద్రానికి దగ్గరగా ఉన్నది చూపించమని అడగండి. లాసన్స్ బే కాలనీలోనో పెదవాల్తేరులోనో ఒక సాయంత్రం నడిచినా సన్‌షేడ్ల అంచులు పెచ్చులూడి లోపలి రాడ్లు తుప్పుతో బయటపడిన ఇళ్లు కనిపిస్తాయి. ఉప్పుగాలి చేసే పని అది. తీరప్రాంత వాతావరణానికి నేరుగా గురయ్యే కాంక్రీటుకు భారతీయ ప్రమాణం ఐఎస్ 456 కనీసం ఎం30 గ్రేడు (కాంక్రీటు బలాన్ని చెప్పే అంకె), సాధారణంగా 45 మిల్లీమీటర్ల కవరు చెబుతుంది. కవరు అంటే రాడ్డుకూ కాంక్రీటు పైతలానికీ మధ్య ఉండే మందం. మీ స్థలానికి ఏ గ్రేడు, ఎంత కవరు పెడతారు, ఎందుకు అని అడిగినప్పుడు లెక్కతో జవాబు చెప్పినవారితోనే మాట కొనసాగించండి. అలాగే విశాఖకు గాలి ఒత్తిడిపై ఉన్న భారతీయ కోడ్ ప్రకారం, డిజైన్ లెక్కకు తీసుకునే ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. హాలుకు ఒక గోడంతా గాజు పెడదామని ఉత్సాహపరిచే డిజైనరును 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను నాడు ఈ ఊళ్లో ఎక్కడ ఉన్నారని అడగాలనిపిస్తుంది నాకు.

డబ్బు లెక్క

చాలామంది చేతిలో ఉన్న మొత్తాన్ని రేటుతో భాగించి ఇల్లు ఎంత వస్తుందో చూసుకుంటారు. లెక్క వెనక నుంచి మొదలుపెట్టాలి. ఉదాహరణకు లోనుతో కలిపి 60 లక్షలు ఉన్నాయనుకుందాం. ముందుగా పది శాతం, అంటే 6 లక్షలు, ఎవరికీ చెప్పకుండా పక్కన పెట్టండి. ప్రహరీ, గేటు, సంప్, బోరు, సెప్టిక్ ట్యాంకు, వాలు స్థలమైతే రిటైనింగ్ గోడ కలిపి 7 లక్షలు అనుకుంటే 47 మిగులుతాయి. డిజైన్ ఫీజులు, మట్టి పరీక్ష, అనుమతి రుసుములు, కరెంటు కనెక్షను కింద 4 పోతే 43. అల్మరాలు, వంటగది చెక్కపనికి 5 తీస్తే 38 లక్షలు. చదరపు అడుగుకు 2,000 చొప్పున అనుకున్నా దానికి 1,900 చదరపు అడుగుల ఇల్లు వస్తుంది. మొత్తం 60 లక్షలనూ ఆ రేటుతో భాగించి మొదట్లో ఊహించుకునే ఇల్లు 3,000 అడుగులు. డిజైనరుకు చెప్పవలసిన సంఖ్య ఈ 38 లక్షలు. 60 అని చెబితే ఆయన 60 లక్షల ఇల్లే గీస్తారు.

ఇక ఆ చదరపు అడుగు. అది ఎక్కడి నుంచి ఎక్కడికి కొలుస్తారు? బాల్కనీ పూర్తిగా లెక్కిస్తారా, సగమా? మెట్ల గది, సన్‌షేడ్, పైపులు దిగే డక్టు కలుపుతారా? స్టిల్ట్‌కు, అంటే కింద పార్కింగుకు వదిలే అంతస్తుకు, ఏ రేటు? ఈ కొలతలోనే 300 అడుగులు పెరిగితే 2,000 రేటున 6 లక్షలు, అంటే మీరు దాచిపెట్టుకున్న సొమ్మంతా. డ్రాయింగులు ఉంటే దాని మీద గీత గీసి ఇది లెక్కలోకి వస్తుంది, ఇది రాదు అని ఇద్దరూ సంతకం పెట్టుకోవచ్చు. లేకపోతే వాదన మొదటి స్లాబు పడిన రోజున మొదలవుతుంది. అప్పటికి మానుకుని ఇంకొకరి దగ్గరికి వెళ్లే దారి మీకు ఉండదు. మళ్లీ చెబుతున్నాను, డ్రాయింగులు పూర్తికాకుండా రేటు ఒప్పుకోకండి.

ఇక్కడి నుంచి వరుసగా చెప్పేస్తాను.

మట్టి పరీక్ష మీ ఖర్చుతో, మీరు పిలిపించిన వారితో చేయించండి. ఎర్రమట్టి వేసవిలో రాయిలా నిలబడి, తడిసినప్పుడు పట్టు వదిలేస్తుంది. వేసవిలో చూసి "గట్టినేల సార్, పరీక్ష ఎందుకు" అన్నవారి మాట వినకండి.

రిటైనింగ్ గోడకు వెనుక చేరే నీరు బయటికి పోయే రంధ్రాలు, వాటి వెనుక కంకర పొర డ్రాయింగులోనే ఉండాలి. మట్టి బరువుకు నీటి ఒత్తిడి తోడైతే గోడ నిలవదు.

ఆర్కిటెక్టు ఫీజును డ్రాయింగులు అందే దశలతో ముడిపెట్టండి. స్లాబులతో ముడిపెట్టకండి.

సైటుకు ఎన్నిసార్లు వస్తారో, ఏ దశల్లో వస్తారో ఒప్పందంలో రాయించుకోండి. స్లాబు పోసే ముందు రాడ్లు చూడటానికి రావడం అందులో తప్పనిసరిగా ఉండాలి.

టైల్స్ షాపు నుంచో కాంట్రాక్టరు నుంచో కమీషను తీసుకుంటారా అని డిజైనరును మొహం మీదే అడగండి. నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి.

కాంట్రాక్టరు తెచ్చిన ఇంజినీరును కాంట్రాక్టరు పని తనిఖీకి పెట్టుకోకండి.

సిమెంటు, స్టీలు కంపెనీల పేర్లు, స్లాబు మందం, టైలు చదరపు అడుగు ధర ఒప్పందంలో అంకెలతో ఉండాలి. "మంచి క్వాలిటీ" అనే మాట కనిపిస్తే కొట్టివేయించండి.

జీఎస్టీ రేటులో కలిసి ఉందో, పైన పడుతుందో రాయించుకోండి.

బ్యాంకు లోను దశలవారీగా, కట్టినంత చూసి ఇస్తుంది. కాంట్రాక్టరు దశలు, బ్యాంకు దశలు పక్కపక్కన పెట్టి చూడండి, మధ్య ఖాళీని ఏ డబ్బుతో నింపుతారో ముందే తేల్చుకోండి.

కట్టుబడి జరుగుతుండగా మార్పు చెప్పకండి. చెప్పక తప్పకపోతే ధర కాగితం మీద పడ్డాకనే గోడ పగలగొట్టనివ్వండి.

బావమరిది స్నేహితుడని ఒప్పందం మానేయకండి.

ముహూర్తం దాటిపోతుందని తొందరపెడితే, ఆ రోజు కొబ్బరికాయ కొట్టి, ఒక ఇటుకకు పూజ చేసి ఇంటికి వచ్చేయండి. అడ్వాన్సు చెక్కు జేబులోనే ఉంచుకోండి.

డ్రాయింగులు పూర్తికాలేదా, రేటు మాట ఎత్తకండి. స్థలం కొండవాలులో ఉంటే, ఇంజినీరు సంతకం చేసిన గోడ డ్రాయింగు చేతికి వచ్చేదాకా జేసీబీని స్థలంలోకి రానివ్వకండి.