వైఫై వస్తే లాన్ పోతోందా? పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేసినవాళ్లు ఇది చూడండి

మూలన పడున్న పాత ల్యాప్‌టాప్‌లో యాంటిఎక్స్ అనే తేలికపాటి లినక్స్ వేశాను, 1 జీబీ ర్యామ్‌తోనే హాయిగా నడిచింది, వైఫై కోసం డ్రైవర్ వేసి రీస్టార్ట్ చేశా, వైఫై వచ్చింది కానీ లాన్, అంటే కేబుల్ నెట్, పోయింది. పోర్ట్ పోయిందేమో అని కేబుల్ మార్చా, ఉహూ, లాన్ లైటే వెలగలేదు.

ఇలాంటప్పుడు ముందు టెర్మినల్‌లో (కమాండ్లు కొట్టే విండో) ఎల్ఎస్‌పీసీఐ, స్పేస్, మైనస్ ఎన్ఎన్‌కే కొట్టండి, ఇంగ్లిష్‌లో అన్నీ చిన్నక్షరాలే. ప్రతి చిప్ కింద ఏ డ్రైవర్ వాడుతోందో వస్తుంది. నాకు బ్రాడ్‌కామ్ వైఫై చిప్ బీసీఎం4311 కింద డబ్ల్యూఎల్ అనే డ్రైవర్ ఉంది, లాన్ చిప్ బీసీఎం4401 కింద డ్రైవర్ వాడుతున్నట్టు లైనే లేదు. దొరికింది దొంగ!

విషయం ఏంటంటే లినక్స్ గుండెకాయ లాంటి కెర్నల్‌లోనే వైఫైకి బీ43, లాన్‌కి బీ44 అని డ్రైవర్లు ఉన్నాయి, ఆ చిప్‌ల మీద రెండూ ఎస్ఎస్‌బీ అనే మాడ్యూల్ మీదే నడుస్తాయి. బయటి డ్రైవర్ డబ్ల్యూఎల్ వేస్తే దానికి అడ్డు రాకూడదని దాన్ని తెచ్చే ప్యాకేజీ వీటన్నిటినీ బ్లాక్‌లిస్ట్ చేసేస్తుంది, అంటే లోడ్ కానివ్వదు, వైఫై గొడవలోకి లాన్‌ని కూడా లాగేస్తుందన్నమాట.

కాబట్టి డబ్ల్యూఎల్ తీసేయడమే మంచిది. దాన్ని తెచ్చిన బ్రాడ్‌కామ్ ఎస్‌టీఏ డీకేఎంఎస్ ప్యాకేజీని ఆప్ట్‌తో (ప్యాకేజీలు వేసే, తీసే కమాండ్) పర్జ్ చేయండి, రిమూవ్ కాదు, పర్జే, ఎందుకంటే రిమూవ్ చేస్తే కాన్ఫిగ్ (సెట్టింగ్‌ల) ఫైల్ అలాగే ఉండిపోతుంది, ఆ బ్లాక్‌లిస్ట్ ఉన్నదే దాంట్లో. తర్వాత ఈటీసీ లోపల మోడ్‌ప్రోబ్ డాట్ డీ ఫోల్డర్ కూడా ఓసారి తెరిచి చూడండి, బీ44 గానీ ఎస్ఎస్‌బీ గానీ బ్లాక్‌లిస్ట్ అని ఇంకా ఉంటే ఆ లైన్ ముందు హ్యాష్ (#) పెట్టండి, అప్పుడు ఆ లైన్ పనిచేయదు.

ఇప్పుడు బీ43కి కావాల్సిన ఫర్మ్‌వేర్ (చిప్ లోపల నడిచే సాఫ్ట్‌వేర్) కోసం ఫర్మ్‌వేర్ బీ43 ఇన్‌స్టాలర్ ప్యాకేజీ వేయాలి, ఇది వేసేటప్పుడే ఫర్మ్‌వేర్‌ని నెట్ నుంచి దించుకుంటుంది, వైఫై లేదు లాన్ లేదు అంటే ఫోన్‌ని యూఎస్‌బీకి తగిలించి టెథరింగ్ (ఫోన్ నెట్‌ని ల్యాప్‌టాప్‌కి ఇవ్వడం) ఆన్ చేయండి, చాలు. ఇందాకటి కమాండ్‌లో వైఫై చిప్ పక్కన ఐడీ 14ఈ4:4315 అని వచ్చినవాళ్లకి మాత్రం ఇది కాదు, పేరులో ఎల్‌పీపీహెచ్‌వై అని ఉండే ఇన్‌స్టాలర్ వేరే ఉంది, అది వేయండి.

రీస్టార్ట్ చేసి మళ్లీ అదే కమాండ్ కొడితే వైఫై కింద బీ43-పీసీఐ-బ్రిడ్జ్ అని, లాన్ కింద బీ44 అని రావాలి. డ్రైవర్ కనిపిస్తున్నా వైఫై రాకపోతే ఆర్ఎఫ్‌కిల్ లిస్ట్ కొట్టి చూడండి, హార్డ్ బ్లాక్డ్ పక్కన యెస్ అని ఉంటే ల్యాప్‌టాప్ అంచున ఉండే చిన్న వైఫై స్విచ్ ఆఫ్‌లో ఉన్నట్టే.