వీపీఎస్29 ప్రోటీన్ వయల్ చేతికొచ్చాక: పాడవకుండా కరిగించి, పంచి, దాచుకోవడం ఎలా?

కణం లోపలికి తీసుకున్న రిసెప్టర్లు (కణపొర మీద సంకేతాల్ని అందుకునే ప్రోటీన్లు) ఎండోసోమ్‌కి, అంటే సరుకుని వేరుచేసే సంచికి, చేరతాయి. వాటిలో కొన్ని అక్కణ్ణుంచి లైసోసోమ్‌కి (అక్కర్లేనివాటిని అరిగించే సంచి) వెళ్లి నాశనమవుతాయి, కొన్ని గాల్జీకో (ప్రోటీన్లని సర్ది పంపే భాగం) కణపొరకో తిరిగి వెళ్తాయి. తిరిగి వెళ్లాల్సినవాటిని ఏరి పంపేది రెట్రోమర్ అనే ప్రోటీన్ల బృందం. దీన్ని 1998లో ఈస్ట్‌లో గుర్తించారు. ఇందులో వీపీఎస్26, వీపీఎస్29, వీపీఎస్35 అని ముఖ్యమైనవి మూడు. వీపీఎస్35లో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారితే వంశపారంపర్యంగా పార్కిన్సన్స్ రావచ్చని 2011లో తేలింది. అప్పట్నుంచి ఈ ప్రోటీన్ల మీద ఆసక్తి బాగా పెరిగింది.

మూడింట్లో చిన్నది వీపీఎస్29. 182 అమైనో ఆమ్లాలు, సుమారు 20 కిలోడాల్టన్లు (ప్రోటీన్ బరువుకి కొలమానం). ఈ.కోలై బ్యాక్టీరియాలో తయారుచేసి, హిస్ ట్యాగ్ (నికెల్‌కి అంటుకునే చిన్న హిస్టిడిన్ల తోక) తగిలించిన మానవ వీపీఎస్29 కొనుక్కోవచ్చు. చిన్న వయల్ ఖరీదే వేలల్లో ఉంటుంది. ఇది ల్యాబ్ పరిశోధనకు మాత్రమే, మందు కాదు. ఈ ప్రోటీన్ ఎక్కువగా పాడయ్యేది ప్రయోగంలో కాదు, వయల్ తెరిచిన మొదటి గంటలో. అందుకే ఆ గంట గురించే ఎక్కువ రాస్తున్నాను.

పార్సిల్ రాగానే డేటా షీట్ చదవండి. పొడిగా వచ్చిందా, ద్రవంగా వచ్చిందా? ఏ బఫర్ (ఆమ్లత మారకుండా ఉంచే ద్రావణం)? ట్యాగ్ ఏ చివర ఉంది? ద్రవమైతే సాధారణంగా డ్రై ఐస్‌లో పంపుతారు. మే నెల ఎండలో పార్సిల్ ఆలస్యమై, డ్రై ఐస్ మొత్తం ఆవిరైపోయి కనిపిస్తే ఫొటో తీసి, వయల్ తెరవకముందే సరఫరాదారుకి రాయండి.

పొడిగా వచ్చిన వయల్‌ని ఫ్రీజర్‌లోంచి తీసీ తియ్యగానే మూత తెరవకండి. గది వేడికి వచ్చేదాకా ఆగాలి, లేకపోతే గాలిలోని తేమ పొడిని పట్టేస్తుంది. తర్వాత ఓ అర నిమిషం సెంట్రిఫ్యూజ్‌లో తిప్పండి. ఈ పని చాలామంది వదిలేస్తారు. పొడి కంటికి కనిపించనంత పల్చగా మూతకీ గోడలకీ అంటుకుని ఉంటుంది. తిప్పకుండా తెరిస్తే సగం సరుకు మూతతోనే పోవచ్చు.

ఇప్పుడు కరిగించడం. డేటా షీట్‌లో వేరేగా చెప్పకపోతే 100 మైక్రోగ్రాముల పొడికి 200 మైక్రోలీటర్ల బఫర్ పోయండి. మిల్లీలీటరుకి 0.5 మిల్లీగ్రాము వస్తుంది. ట్యాగ్‌తో కలిపి బరువు 22 కిలోడాల్టన్లు అనుకుంటే ఇది దాదాపు 23 మైక్రోమోలార్. బఫర్‌ని గోడ వెంబడి మెల్లగా వదలండి. వోర్టెక్స్ (ట్యూబ్‌ని వేగంగా కుదిపే యంత్రం) వద్దు, పిపెట్‌తో గట్టిగా పైకీ కిందికీ కొట్టడమూ వద్దు. నురగ వచ్చిందంటే ప్రోటీన్ మడతలు విప్పుకుని ముద్దకట్టే ప్రమాదం ఉంది. ఓ 15, 20 నిమిషాలు వదిలేసి, మధ్యమధ్య ట్యూబ్‌ని మెల్లగా వంచి తిప్పితే చాలు.

కరిగిన వెంటనే, ఆ రోజే ఆలికోట్లు (చిన్నచిన్న వాటాలు) చెయ్యండి. రేపు చేద్దాంలే అనుకోవద్దు. ప్రోటీన్ తక్కువగా అంటుకునే ట్యూబులు తీసుకుని, ఒక్కో ప్రయోగానికి సరిపడా 10 లేదా 20 మైక్రోలీటర్లు పంచండి. లిక్విడ్ నైట్రోజన్‌లో చటుక్కున గడ్డకట్టించి మైనస్ 80లో పెట్టండి. పేరు, గాఢత, బఫర్, తేదీ రాయండి. చలికి చెరిగిపోని మార్కర్ వాడండి. ఒకసారి కరిగిన ట్యూబ్‌ని మళ్లీ గడ్డకట్టించకండి. తనంతట తానే మంచు కరిగించుకునే ఫ్రీజర్ వేడెక్కుతూ చల్లబడుతూ ఉంటుంది కాబట్టి అది దీనికి పనికిరాదు.

వాడే రోజు ట్యూబ్‌ని ఐస్ మీద కరగనిచ్చి, 4 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు వేగంగా తిప్పండి. అడుగున తెల్లటి చుక్క కనిపిస్తే అది ముద్దకట్టిన ప్రోటీన్. దాన్ని కదపకుండా పైన ఉన్న ద్రవం తీసుకుని, గాఢత మళ్లీ కొలవండి. పాతబడిన డీటీటీ (ప్రోటీన్ ఆక్సీకరణ చెందకుండా బఫర్‌లో కలిపే రసాయనం) 280 నానోమీటర్ల దగ్గర కాంతిని పీల్చుకుని లెక్క తప్పిస్తుంది కాబట్టి, అది ఉన్న బఫర్‌లో రంగు మార్పుతో గాఢత కొలిచే బ్రాడ్‌ఫర్డ్ పద్ధతి నయం. ప్రోటీన్లని సైజు వారీగా విడదీసే 15 శాతం జెల్ మీద ఒకటి రెండు మైక్రోగ్రాములు పెట్టి చూస్తే, 22 కిలోడాల్టన్ల దగ్గర ఒకే గీత రావాలి. కింద చిన్నచిన్న గీతలు వస్తే ప్రోటీన్ ముక్కలవుతోందని అర్థం.

వీపీఎస్35తో కలుస్తుందో లేదో పుల్‌డౌన్‌లో (ఒక ప్రోటీన్‌ని పూసలకి పట్టించి, దానితోపాటు ఏవి వస్తాయో చూసే ప్రయోగం) చూడాలనుకుంటే నికెల్ పూసల విషయంలో జాగ్రత్త. ఈడీటీఏ (లోహాల్ని పట్టేసుకునే రసాయనం) నికెల్‌ని ఊడదీస్తుంది, కాబట్టి అది లేని ప్రోటియేజ్ ఇన్హిబిటర్ (ప్రోటీన్లని ముక్కలుచేసే ఎంజైముల్ని ఆపేది) తీసుకోండి. డీటీటీ ఎక్కువైతే పూసలు గోధుమరంగుకి తిరుగుతాయి, దాని బదులు అదే పని చేసే టీసీఈపీ వాడొచ్చు. కణాల లైసేట్‌లో (కణాల్ని పగలగొట్టి తీసిన ద్రవం) నికెల్‌కి ఊరికే అంటుకునే ప్రోటీన్లు చాలా ఉంటాయి. వాటిని వదిలించడానికి వాష్ బఫర్‌లో 20 మిల్లీమోలార్ ఇమిడజోల్ (హిస్ ట్యాగ్‌లాగే నికెల్‌కి అంటుకునే రసాయనం) కలపండి. పక్కనే, హిస్ ట్యాగ్ ఉన్నా రెట్రోమర్‌తో సంబంధం లేని ఇంకో ప్రోటీన్‌తో ఇదే ప్రయోగం చెయ్యండి. అందులోనూ వీపీఎస్35 గీత అంతే గాఢంగా వస్తే, అది వీపీఎస్29ని కాదు, పూసల్ని పట్టుకుందన్నమాట. అప్పుడు ఇమిడజోల్ కొంచెం పెంచి మళ్లీ చూడండి.