పాత బండికి ఇంటి వైద్యం – నాలుగో పాఠం: పిడి మీద అయిదు గీతలు

పోయిన మూడు పాఠాలూ చేతులతో చేసి చూసినవాళ్లకు ఇప్పటికి మూడు సంగతులు తేలి ఉండాలి. ప్లగ్గు దగ్గర రవ్వ నీలంగా, గట్టిగా పడుతోంది. కిక్కు రాడ్డును చేత్తో నెమ్మదిగా నొక్కితే ఒకచోట బిగువుగా అడ్డుపడుతోంది, అంటే సిలిండరులో గాలి సరిగ్గా నొక్కుకుంటోంది, కంప్రెషన్ ఉంది. వాల్వులను నొక్కే టాపెట్ల సందు మీ బండి పుస్తకంలోని లెక్కకు సరిపోయింది. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తేలకపోయినా ఇవాళ్టి పాఠం జోలికి రావద్దు. రవ్వ పడని బండికి, పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు పంపే కార్బురేటర్ కడుగుతూ కూర్చుంటే పెట్రోలు వాసన తప్ప ఏమీ మిగలదు.

ఈ పాఠం కార్బురేటర్ ఉన్న బళ్లకే. 2020 ఏప్రిల్ 1న పొగ కాలుష్యానికి హద్దు పెట్టే బీఎస్6 నిబంధన వచ్చాక మన దేశంలో కొత్తగా వచ్చే బళ్లు దాదాపు అన్నీ కార్బురేటర్ బదులు సెన్సర్ల లెక్కతో పెట్రోలు చిమ్మే ఇంజెక్షన్‌కు మారాయి. వాటి సంగతి వేరు. అనంతపురంలో చేతులు మారుతున్న 100, 125 సీసీ పాత బళ్లలో ఎక్కువ భాగం అంతకుముందువే. హీరో, హోండా విడిపోతున్నట్టు ప్రకటించింది 2010 చివర్లో. మీ ట్యాంకు మీద రెండు పేర్లూ కలిసి ఉంటే దాని వయసెంతో మీరే లెక్క వేసుకోండి.

ఇక పనిలోకి. మందుల దుకాణంలో దొరికే తెల్ల ప్లాస్టర్ కొనండి. యాక్సిలరేటర్ పిడి రబ్బరు చుట్టూ లోపలి అంచున ఒక ముక్క, దాని పక్కనే కదలని స్విచ్చుల డబ్బా మీద ఒక చిన్న ముక్క అతికించండి. డబ్బా మీది ముక్కపై బాణం గుర్తు గీయండి. పిడి పూర్తిగా వదిలేసినప్పుడు బాణానికి ఎదురుగా పడే చోట ఒక గీత, పూర్తిగా తిప్పినప్పుడు పడే చోట ఇంకొక గీత. మధ్య దూరాన్ని నాలుగు భాగాలు చేయండి. సున్నా, పావు, అర, ముప్పావు, నిండు. మా ఇంట్లో పిల్లలు దీన్ని చూసి బండికి దెబ్బ తగిలిందా అని అడిగారు. అడగనివ్వండి, ఇంత చవకైన పరికరం మరొకటి లేదు.

ఎందుకీ గీతలు? "సార్, బండి నలభై దాటితే ఎగురుతోంది" అని చెప్పని మనిషి లేడు. నలభై అన్న అంకె మీకు తెలుసు, స్పీడోమీటరుకు తెలుసు, కార్బురేటర్‌కు మాత్రం తెలియదు. చదును రోడ్డు మీద నలభైకి పిడి పావు తిప్పితే చాలు. పెనుకొండ వైపు ఎత్తు ఎక్కుతూ, వెనక ఇంకొకరిని కూర్చోబెట్టుకుంటే అదే నలభైకి ముప్పావు కావాలి. కార్బురేటర్‌లో ఒక్కో తెరుపుకు ఒక్కో దారి పనిచేస్తుంది. పిడి వదిలినప్పటి నుంచి పావులో సగం దాకా స్లో జెట్టు (జెట్టు అంటే పెట్రోలు వచ్చే సన్న రంధ్రం ఉన్న ఇత్తడి ముక్క), దాని గాలి స్క్రూ. అక్కడి నుంచి పావు వరకు లోపల కదిలే స్లైడు అంచు. పావు నుంచి ముప్పావు వరకు స్లైడుకు వేలాడే సన్నటి సూది. ముప్పావు దాటాక మెయిన్ జెట్టు. హద్దులు కత్తితో కోసినట్టు ఉండవు, ఒకదానిలోకి ఒకటి కలుస్తాయి. అయినా రోగం ఏ ఇంట్లో ఉందో చెప్పడానికి ఇది చాలు.

ఈ పాఠం మొత్తంలో నాకు ఎక్కువగా పనికొచ్చిన పరీక్ష ఒకటుంది. తెల్లవారి ఆరింటికి రద్దీ లేని చదును రోడ్డు చూసుకోండి. నేను బుక్కరాయసముద్రం వైపు వెళ్తాను. మూడు నాలుగు కిలోమీటర్లు నడిపి ఇంజను వేడెక్కాక, రెండో గేరులో పిడిని అర గీత దగ్గర పట్టి ఉంచండి. తర్వాత నాలుగో గేరులో అదే అర గీత. రెండు గేర్లలోనూ అదే గీత దగ్గర బండి దగ్గితే తప్పు పెట్రోలు, గాలి వైపు ఉంది. గీత మారిపోతూ, ఇంజను ఒకే హోరుకు చేరిన ప్రతిసారీ దగ్గితే అది కరెంటు వైపు రోగం: కాయిల్, ప్లగ్గు టోపీ, రవ్వ వేళను నడిపే సీడీఐ డబ్బా. మళ్లీ రెండో పాఠానికి వెళ్లండి. చూపు మాత్రం రోడ్డు మీదే ఉండాలి. గీతను ఒక్క క్షణం చూసి చెయ్యి కదలకుండా పట్టుకోవడం రెండు రోజుల్లో అలవాటవుతుంది.

ఇప్పుడు చోక్. వేడెక్కిన ఇంజను దగ్గుతున్న గీత మీద ఉండగానే చోక్ సగం వేయండి. చోక్ గాలిని తగ్గించి పెట్రోలు పాలు పెంచుతుంది. దగ్గు తగ్గితే ఇంజనుకు పెట్రోలు చాలడం లేదు. పెరిగితే ఇప్పటికే ఎక్కువవుతోంది. ప్లగ్గు విప్పితే అదే సాక్ష్యం చెబుతుంది: తెల్లబోయి ఉంటే చాలడం లేదు, మసి పట్టి ఉంటే ఎక్కువైంది, లేత ఇటుక రంగులో ఉంటే దాన్ని వదిలేయండి.

నిండు గీత దగ్గర మొరాయించే బండికి చాలాసార్లు మెయిన్ జెట్టు దోషం ఉండదు, ఎయిర్ ఫిల్టర్‌ది ఉంటుంది. నా బండి పాత యజమాని తాడిపత్రిలో బండలకు పాలిష్ పట్టే చోట పనిచేసేవాడట. పావు దాకా పువ్వులా నడిచేది, ముప్పావు దాటితే గుక్కతిప్పుకోలేకపోయేది. నేను తెలివిగా రెండు ప్లగ్గులు, ఒక కాయిల్ మార్చాను. చివరికి గడియార స్తంభం దగ్గరి సందులో ఒక పెద్దాయన దగ్గరికి వెళ్తే ఆయన పానా కూడా పట్టలేదు. పక్క డబ్బా మూత తీసి ఫిల్టర్ బయటకు లాగి నా చేతిలో పెట్టాడు. బండల పొడి, ఇంజను నూనె ఆవిరి కలిసి దోసెల పిండిలా గట్టిపడి ఉంది. "సార్, ముక్కు మూసుకుని పరుగెత్తమంటే మీరు పరుగెత్తుతారా?" అన్నాడు. కాగితం ఫిల్టర్ అలా అయితే కొత్తది వేయాల్సిందే, దులిపితే లాభం లేదు. స్పాంజి రకమైతే కిరోసిన్‌లో కడిగి, ఆరబెట్టి, కాస్త ఇంజను ఆయిల్ పట్టించి, పిండి వేయండి. ఫిల్టర్ లేకుండా నడిపితే బండి హాయిగా పోతుంది కదా అని అలాగే వదిలేసేవాళ్లున్నారు. మన జిల్లా దుమ్ములో అది సిలిండరును గీకి పెడుతుంది.

అసలు గొడవంతా సున్నా గీత దగ్గరే. చోక్ వేస్తే నడుస్తుంది, తీస్తే ఆగిపోతుంది, సిగ్నల్ దగ్గర పిడి వదిలేస్తే స్లోలో నిలబడదు. పాత బళ్లలో సగం ఫిర్యాదులు ఇవే. స్లో జెట్టు రంధ్రం అర మిల్లీమీటరు కూడా ఉండదు. నెలల తరబడి మూలన నిలబెట్టిన బండిలో పెట్రోలు ఎండి జిగురై దాన్ని మూసేస్తుంది. ఇప్పుడు పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది, అది తేమను పీల్చుకుంటుంది. అందుకే కార్బురేటర్ కింద పెట్రోలు నిలిచే పాత్ర అడుగున తెల్లటి పొడి కనిపించడం మామూలైంది.

ఇంజను చల్లారాక, ఆరుబయట, దరిదాపుల్లో బీడీ గాని దీపం గాని లేకుండా పని మొదలుపెట్టండి. పెట్రోలు కాక్ కట్టేయండి. కార్బురేటర్ అడుగున ఉన్న చిన్న స్క్రూ వదులు చేసి పాత పెట్రోలును ఒక గాజు గ్లాసులోకి దించండి. అడుగున నీళ్లు విడిగా గుండ్లలా దొర్లితే రోగం సగం దొరికినట్టే. ట్యాంకు కూడా దించి కడగాలి. నీళ్లు లేకపోతే కార్బురేటర్‌ను దించి, పాత్ర స్క్రూలకు సరిగ్గా పట్టే స్టార్ స్క్రూడ్రైవర్‌ను గట్టిగా అదిమి తిప్పండి. ఆ స్క్రూల తలలు మెత్తన, ఒకసారి జారితే ఇక రావు. లోపల మధ్యలో కనిపించే ఇత్తడి ముక్క మెయిన్ జెట్టు. పక్కనే లోతైన గూట్లో దాక్కున్నది స్లో జెట్టు. ఏది విప్పినా ముందు ఫోనుతో ఒక ఫొటో తీయండి. జెట్టును వేళ్ల మధ్య పట్టి ఆకాశం వైపు చూడండి. నడిమధ్యలో గుండ్రటి వెలుగు చుక్క కనిపించాలి. చుక్క అర్ధచంద్రంలా ఉన్నా, మసకగా ఉన్నా మూసుకున్నట్టే. గుండుసూది పెట్టారంటే రంధ్రం పెద్దదై జెట్టు పాడవుతుంది. కరెంటు తీగలోని సన్నటి రాగి పోగు ఒకటి చాలు. తర్వాత పంక్చర్ల షాపులో గాలి కొట్టించండి. కళ్లకు అద్దాలు పెట్టుకోండి. కొన్ని కార్బురేటర్లలో స్లో జెట్టు ఊడదు. లాగి చూడవద్దు, గాలితోనే సరిపెట్టండి.

జెట్టు శుభ్రంగా ఉన్నా స్లో నిలబడకపోతే దొంగగాలిని అనుమానించండి. కార్బురేటర్‌కు, ఇంజను తలకు మధ్య ఉండే ముక్క పగిలినా, అందులోని రబ్బరు రింగు గట్టిపడినా అక్కడి నుంచి లెక్కలో లేని గాలి లోపలికి పోతుంది. పిడి వదిలినా హోరు వెంటనే దిగకపోవడం దీని గుర్తు. ముందు హ్యాండిల్ ఇటు చివరికి, అటు చివరికి తిప్పి చూడండి. హోరు మారితే అది కేబుల్ బిగువు, గాలి కాదు. మారకపోతే క్షౌరశాలలో తలకు నీళ్లు చిమ్మే సీసా లాంటిది తెచ్చి, ఇంజను స్లోలో ఉండగా ఆ అతుకు చుట్టూ నీళ్లు చిమ్మండి. ఒకచోట చిమ్మగానే హోరు మారిందంటే దొంగ అక్కడే ఉన్నాడు. ప్లగ్గు టోపీ మాత్రం తడపకండి.

గాలి స్క్రూను చివరికి వదిలాను, కావాలనే. అందరూ మొదట తిప్పేది దాన్నే. ముందుగా అది ఇప్పుడు ఎన్ని చుట్లు తెరిచి ఉందో నెమ్మదిగా లోపలికి తిప్పుతూ లెక్కపెట్టి రాసుకోండి. అడుగు తగలగానే ఆపండి, బిగిస్తే లోపలి కొన విరుగుతుంది. ఒకటిన్నర చుట్టు వెనక్కి తెచ్చి, వేడి ఇంజను మీద పావు చుట్టు చొప్పున అటూ ఇటూ తిప్పుతూ హోరు అన్నిటికంటే ఎక్కువగా, నిలకడగా ఉన్న చోట ఆపండి. తర్వాత స్లో స్క్రూతో హోరు తగ్గించండి. 100 సీసీ బళ్లలో చాలావాటికి నిమిషానికి 1400 చుట్ల దగ్గర స్లో నిలబడాలి. స్క్రూ ఫిల్టర్ వైపు ఉంటే బయటికి తిప్పినకొద్దీ గాలి పెరుగుతుంది. ఇంజను వైపు ఉంటే పెట్రోలు పెరుగుతుంది. ఈ తేడా తెలియక ఒక బండి పాఠాన్ని ఇంకో బండికి అప్పజెప్పి నేను ఒక ఆదివారం పోగొట్టుకున్నాను.

ఇంటిపని: ఒక నోటుపుస్తకంలో అయిదు గీతలకూ అయిదు గడులు గీసి, రెండు గేర్లలో, చోక్ వేసి, వేయకుండా బండి ఎలా ఉందో నింపండి. ఒక రోజు ఒక్క మార్పే చేయండి. రెండు చేస్తే ఏది పనిచేసిందో తెలియదు.

వచ్చే పాఠం పది పన్నెండు కిలోమీటర్లు బాగా నడిచి, వేడెక్కాక దారిలో ఆగిపోయే బండి గురించి. అంతలోపు మీ బండి అలా ఆగితే ఒక్క పని చేయండి. ఆగిన క్షణంలోనే ట్యాంకు మూత తెరిచి చెవి పెట్టండి. లోపలికి గాలి పీల్చుకున్న చప్పుడు వచ్చి, ఒకటి రెండు నిమిషాల్లో బండి మళ్లీ కదిలితే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయింది. చప్పుడు రాకపోతే ప్లగ్గు పానా తీసి అక్కడికక్కడే రవ్వ చూసి రాసుకోండి. చల్లారాక చూస్తే రవ్వ బాగానే పడుతుంది, మీరు మోసపోతారు.